ఆజ్టెక్ కోడెక్స్‌లు చదవడం ఎలా: ఒక్క పేజీ, కొన్ని చుక్కలు, మూడు చేతులు

స్పానిష్ దండనాయకుడు కోర్తెస్ వచ్చాడు, ఆజ్టెక్ రాజు మోక్తెసుమా పోయాడు, 1521లో వాళ్ళ రాజధాని తెనోచ్‌తిత్లాన్ (ఇప్పటి మెక్సికో నగరం ఉన్న చోటు) కూలిపోయింది. ఇలా మూడు ముక్కల్లో ఆజ్టెక్ చరిత్ర తేల్చేసే వీడియోలు చూసి విసుగొచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ చరిత్రను వాళ్ళ మనుషులే బొమ్మల్లో గీసి, వాళ్ళ భాషలోనే రాసి పెట్టిన పుస్తకాలు ఉన్నాయి, వాటినే కోడెక్స్‌లు అంటారు. వాటిలో ముఖ్యమైనవి చాలావరకు ఇంటర్నెట్‌లో పేజీ పేజీ పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. స్పానిష్ రాకపోయినా, నావత్ల్ అనే పేరు ఇప్పుడే వింటున్నా ఫర్వాలేదు, కాస్త ఓపిక ఉంటే ఒక్క సాయంత్రంలో మొదటి పేజీ మీరే చదివేయగలరు. నిజంగా చదవడం, బొమ్మ చూసి బాగుంది అనుకుని పక్కకు జరగడం కాదు.

ముందుగా ఒక విషయం చెప్పాలి. మనం ఆజ్టెక్‌లు అంటున్నవాళ్ళలో తెనోచ్‌తిత్లాన్ జనం తమను తాము మెషికా అనేవాళ్ళు, వాళ్ళ భాష నావత్ల్. స్పానిష్ వాళ్ళు రాకముందు మెషికా రాజధానిలో గీసిన చరిత్ర పుస్తకం ఇదిగో అని కచ్చితంగా చూపించగలిగేది ఒక్కటీ మిగల్లేదు. యుద్ధంలో కొన్ని కాలిపోయాయి, విగ్రహారాధన పుస్తకాలని క్రైస్తవ సన్యాసులు కొన్ని తగలబెట్టారు. అంతకు చాలా ముందే, 1427 నుంచి 1440 దాకా ఏలిన ఇత్స్‌కోవాత్ల్ కాలంలో మెషికా పాలకులే పాత చరిత్ర పుస్తకాలను కాల్పించారని ఫ్లోరెంటైన్ కోడెక్స్ (దాని సంగతి కింద చెప్తాను) 10వ పుస్తకంలో ఉంది. సామాన్య జనానికి ఆ పాత విషయాలన్నీ తెలియడం మంచిది కాదని వాళ్ళు అనుకున్నారట. కాబట్టి ఇవాళ మన చేతికొచ్చే పుస్తకాలు 16వ శతాబ్దంలో, స్పానిష్ పాలన కింద, పాత చిత్రకారుల చేతులతోనో వాళ్ళ శిష్యుల చేతులతోనో తయారైనవి. ఈ సంగతి బుర్రలో పెట్టుకుంటే చాలు, మిగతాది పని చేస్తూ నేర్చుకోవచ్చు.

మొదలుపెట్టాల్సింది మెండోజా కోడెక్స్‌తో. 1541 ప్రాంతంలో మెక్సికో నగరంలో తయారైంది, వైస్రాయ్ ఆంటోనియో దె మెండోజా పేరు మీద ఆ పేరొచ్చింది. 71 ఫోలియోలు, యూరోపియన్ కాగితం. ప్రయాణం మధ్యలో ఫ్రెంచి వాళ్ళ చేతిలో పడింది, ఫ్రెంచి రాజు దగ్గర భూగోళ పండితుడిగా ఉన్న ఆంద్రే తెవే దాని మీద తన పేరు, 1553 అనే సంవత్సరం రాసుకున్నాడు. తర్వాత ఇంగ్లండ్ చేరి, 1659 నుంచి ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. మెక్సికో పురావస్తు సంస్థ ఐఎన్‌ఏహెచ్ 2015లో దీన్ని డిజిటల్‌గా పెట్టింది. ఫోన్‌లో కాదు, వీలైతే ల్యాప్‌టాప్‌లో తెరవండి, జూమ్ చేయకుండా ఈ పని జరగదు.

తెరిచాక ఫోలియో 2 ముందువైపుకు వెళ్ళండి. ఫోలియో అంటే ఒక ఆకు, దానికి ముందువైపు, వెనకవైపు రెండూ విడిగా లెక్క, పుస్తకాల్లో ఏ బొమ్మ గురించి చెప్పినా ఈ లెక్కలోనే చెప్తారు. పేజీ మధ్యలో రాయి మీద మొలిచిన నాగజెముడు, దాని మీద గద్ద కనిపిస్తాయి. అవి ఊరి పేరు, ఊరు పుట్టిన కథ రెండూ ఒకేసారి చెప్తున్నాయి. నీలిరంగు నీటి పట్టీలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ ఊరిని నాలుగు పేటలుగా కోస్తున్నాయి. ఆ నాలుగు భాగాల్లో పదిమంది కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకాయన ఒళ్ళు మాత్రం నల్లగా ఉంది, నోటి ముందు చిన్న చుట్ట లాంటి గుర్తు ఉంది. నల్లరంగు పూసుకోవడం పూజారి లక్షణం, నోటి ముందు చుట్ట అంటే మాట, మాట్లాడే అధికారం ఉన్నవాడని అర్థం. ఆయనే తెనోచ్. ఎలా తెలిసింది? ఆయన వెనక సన్నని గీతతో కట్టిన బొమ్మ చూడండి, మళ్ళీ రాయి మీద నాగజెముడే. మనిషి వెనక గీత గీసి ఒక బొమ్మ తగిలిస్తే అది అతని పేరు. ఈ ఒక్క పద్ధతి పట్టుకుంటే మిగతా తొమ్మిదిమంది పేర్ల బొమ్మలూ మీరే వెతుక్కోగలరు.

పక్కన స్పానిష్ అక్షరాలు కనిపిస్తున్నాయి కదా, వాటిని ఇప్పుడే చదవొద్దు. ఈ గైడ్‌లో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే: బొమ్మ ముందు, రాత తర్వాత. ఈ పుస్తకాల్లో సాధారణంగా మూడు చేతులుంటాయి. గీసిన చేయి ఒకటి, ఆ బొమ్మను నావత్ల్‌లో వివరించిన గొంతు ఒకటి, దాన్ని స్పానిష్‌లోకి మార్చి రాసిన చేయి ఇంకొకటి. మూడూ ఒకటే చెప్తాయని ముందే నమ్మేస్తే సగం చరిత్ర మీ కళ్ళ ముందే ఉండి కూడా కనపడదు. మెండోజా కోడెక్స్‌లో స్పానిష్ రాసినాయన చివర్లో తనే ఒప్పుకున్నాడు, ఓడలు బయల్దేరడానికి పది రోజుల ముందు మాత్రమే ఇది తన చేతికొచ్చిందని, అందుకే హడావుడిగా రాయాల్సి వచ్చిందని. బొమ్మలు గీసినవాళ్ళు తరతరాల విద్యతో తీరిగ్గా గీశారు, పక్కన రాతేమో టెన్షన్‌లో పడింది. రెండింటికీ ఒకే విలువ ఎలా ఇస్తాం?

ఇప్పుడు సంవత్సరాలు

అదే పేజీ చుట్టూ నీలిరంగు చట్రంలో చిన్న చిన్న గళ్ళున్నాయి. ఒక్కో గడి ఒక్కో సంవత్సరం, మొత్తం 51. గడిలో నాలుగు గుర్తుల్లో ఏదో ఒకటి ఉంటుంది: కుందేలు, రెల్లు, చెకుముకి రాయి, ఇల్లు. వాటి నావత్ల్ పేర్లు తోచ్‌త్లి, ఆకత్ల్, తెక్‌పత్ల్, కల్లి. గుర్తుతో పాటు చుక్కలు, ఒకటి నుంచి పదమూడు దాకా. గుర్తులు నాలుగూ ఇదే వరసలో తిరుగుతుంటాయి, చుక్కలు పదమూడు దాటగానే మళ్ళీ ఒకటికి వస్తాయి. రెండు చక్రాలూ కలిసి ఒక రౌండ్ పూర్తవడానికి 52 ఏళ్ళు.

ఎడమవైపు పైమూలలో 2 ఇల్లు దగ్గర మొదలుపెట్టండి. ఎటు వెళ్ళాలో నేను చెప్పను, చుక్కలు లెక్కపెడితే మీకే తెలుస్తుంది. 2 ఇల్లు తర్వాత 3 కుందేలు, 4 రెల్లు, 5 చెకుముకి, 6 ఇల్లు రావాలి. ఏ దిక్కున ఆ వరస కుదురుతుందో అదే చదివే దిక్కు. ఇలా వెళ్తుంటే ఎదురు మూల దగ్గర 2 రెల్లుకు అదనంగా ఒక గుర్తు తగిలించి ఉంటుంది, నిప్పు పుట్టించే కర్ర. 52 ఏళ్ళకోసారి పాత నిప్పులన్నీ ఆర్పేసి కొత్త నిప్పు రాజేసే పండగ సంవత్సరం అది.

దీన్ని మన లెక్కలోకి తేవాలంటే ఒక్క మేకు కొట్టుకుంటే చాలు: 1519, అంటే కోర్తెస్ తీరంలో దిగిన ఏడాది, 1 రెల్లు. 1520 అంటే 2 చెకుముకి, నగరం పడిపోయిన 1521 అంటే 3 ఇల్లు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్తే చట్రంలో మొదటి గడి 2 ఇల్లు 1325కి వస్తుంది, తెనోచ్‌తిత్లాన్ కట్టిన ఏడాదిగా చెప్పేది అదే. కొత్త నిప్పు ఉన్న 2 రెల్లు 1351. ఒక కాగితం మీద 1300 నుంచి 1521 దాకా ఈ పట్టిక మీరే ఒకసారి రాసుకోండి. వేరేవాళ్ళు చేసినది దొరుకుతుంది, కానీ చేత్తో రాస్తేనే ఆ తిరుగుడు వంటబడుతుంది.

చిక్కెక్కడంటే, 2 ఇల్లు అనే పేరు 52 ఏళ్ళకోసారి మళ్ళీ వస్తుంది. మనకిది కొత్తేం కాదు. క్రోధి నామ సంవత్సరంలో పుట్టానని తాతగారు అంటే అది 1964ఆ, అంతకు 60 ఏళ్ళ ముందా అని ఆయన వయసు చూసి తేల్చుకుంటాం, 2024లో మళ్ళీ క్రోధే వచ్చింది. కోడెక్స్‌లో కూడా అంతే, ముందూ వెనకా రాజులెవరో, మధ్యలో ఎన్ని గళ్ళున్నాయో చూసి తేల్చుకోవాలి. పాత సంగతుల్లో ఒక్కోసారి పండితులకే తేలదు. బోతురీని కోడెక్స్‌లో మెషికాలు అస్త్‌లాన్ అనే ద్వీపం వదిలి బయల్దేరిన ఏడాది 1 చెకుముకి. అది 1116 కావొచ్చు, 1168 కావొచ్చు.

ఈ 1 చెకుముకి దగ్గర కాసేపు ఆగండి. వలస మొదలైంది ఆ పేరున్న ఏడాదిలో. మెండోజాలో మొదటి రాజు ఆకమాపిచ్‌త్లి పేజీలో సంవత్సరాలు మొదలయ్యేదీ 1 చెకుముకితోనే, 1376లో. ఇత్స్‌కోవాత్ల్ ఆస్కపోత్సాల్కో అనే పక్క నగరాన్ని ఓడించి మెషికాలకు స్వతంత్రం తెచ్చిన 1428 కూడా 1 చెకుముకే. వాళ్ళ దేవుడు విత్సిలోపోచ్‌త్లితో ముడిపడ్డ పేరు కూడా ఇదే. అన్నీ అదే పేరున్న ఏడాదిలో ఎందుకొచ్చాయి? కొన్ని తేదీలు జరిగినప్పుడు రాసినవి కావు, జరిగినదానికి తగిన అర్థం వచ్చేలా తర్వాత అమర్చినవి అనుకోవడమే నాకు సబబుగా అనిపిస్తుంది. పాత పుస్తకాలు కాల్పించిన రాజు కాలం కూడా ఇదేనని మర్చిపోకండి. కోడెక్స్‌లో తేదీ కనపడగానే నోట్‌బుక్‌లో రెండు విషయాలు రాసుకోవడం అలవాటు చేసుకోండి: అది ఎప్పుడు, ఆ పేరుతో ఇంకేం జరిగాయి.

రాజుల పేజీలు, గెలుపులు

2 వెనకవైపు నుంచి ఒక్కో రాజు వస్తాడు. పేర్ల బొమ్మలు నేర్చుకుంటే ఇక్కడ వేగం పెరుగుతుంది. చేత్తో పట్టుకున్న రెల్లు కట్ట ఆకమాపిచ్‌త్లి, పొగలు కక్కే డాలు చిమల్పొపోకా, ఒంటి నిండా నల్లగాజు రాతి ముళ్ళున్న పాము ఇత్స్‌కోవాత్ల్. రాజు చుట్టూ గుళ్ళు కనిపిస్తాయి, పైకప్పు ఒరిగిపోయి మంటలు లేస్తూ. అలా కాలుతున్న ఒక్కో గుడీ ఓడిపోయిన ఒక్కో ఊరు. గుడికి గీతతో కట్టిన బొమ్మ ఆ ఊరి పేరు.

ఊళ్ళ పేర్లలో కొన్ని సూటిగా ఉంటాయి, కొండ మీద మిడత కనిపిస్తే చపుల్తెపెక్. కొన్నింట్లో బొమ్మను శబ్దం కోసం వాడతారు. కువౌతిత్లాన్ అనే ఊరికి చెట్టు గీసి, దాని మానులో పళ్ళు గీస్తారు. ఊరి పేరు చివర వచ్చే త్లాన్ అనే ధ్వనికి పంటిని సూచించే మాట దగ్గరగా ఉంటుంది కాబట్టి. కొండకో చెట్టుకో పళ్ళు కనిపిస్తే రాక్షసుడనుకోకండి, పేరు పలకమని చెప్తున్నారంతే. ఎక్కడైనా అంతు పట్టకపోతే ఆరిగాన్ యూనివర్సిటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టిన నావత్ల్ నిఘంటువు, బొమ్మల నిఘంటువు రెండూ తెరిచి పెట్టుకోండి.

ఫోలియో 10 ముందువైపు తప్పక చూడండి. ఆషాయకత్ల్ రాజు పేజీ, అక్కడ ఒక మనిషి గుడి మీంచి తలకిందులుగా పడిపోతున్నాడు. ఆయన పక్క ఊరు త్లాతెలోల్కో పాలకుడు మోకివిష్. అదే ద్వీపంలో, ఆనుకునే ఉన్న జంటనగరం, 1473లో తెనోచ్‌తిత్లాన్ దాన్ని ఓడించి కలిపేసుకుంది. ఈ బొమ్మ గుర్తుంచుకోండి, ఇంకో పుస్తకంలో దీని జవాబు దొరుకుతుంది.

మెండోజా రెండో భాగం కప్పాల పట్టీ. చాలామంది దీన్ని బోర్ అని వదిలేస్తారు, నా దృష్టిలో మాత్రం లెక్కలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. జెండా అంటే 20. ఈక లాగానో వెంట్రుకల కుచ్చు లాగానో ఉండే గుర్తు 400. సంచి అంటే 8,000. తోచ్‌తెపెక్ పేజీలో రబ్బరు బంతుల దగ్గర రెండు సంచులుంటాయి, అంటే 16,000 బంతులు, బంతాట కోసం. మూడో భాగంలో పిల్లల పెంపకం ఉంది, అది చదవడానికి ఏ నిఘంటువూ అక్కర్లేదు. పిల్లల వయసు చుక్కల్లో ఉంటుంది, ఎదురుగా వాళ్ళకిచ్చే రొట్టె. మూడేళ్ళవాడికి అర రొట్టె, నాలుగైదేళ్ళకు ఒకటి, ఆరేళ్ళకు ఒకటిన్నర, పదమూడేళ్ళకు రెండు. పదకొండేళ్ళ వయసులో మాట వినకపోతే ఎండుమిర్చి పొగ పట్టడం కూడా గీశారు. తల్లిదండ్రుల నోటి ముందు మాట గుర్తు, పిల్లల కళ్ళల్లో నీళ్ళు.

రెండో పుస్తకం ఫ్లోరెంటైన్ కోడెక్స్

మెండోజాలో రెండు వారాలు తిరిగాకే దీన్ని తెరవండి, లేకపోతే మునిగిపోతారు. 12 పుస్తకాలు, దాదాపు 2,400 పేజీలు, దాదాపు 2,500 బొమ్మలు. బెర్నార్దీనో దె సాహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1529లో మెక్సికో వచ్చి, దశాబ్దాలపాటు పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడిగి రాయించాడు. పేరు ఆయనదే వినిపిస్తుంది కానీ పని చేసింది త్లాతెలోల్కోలోని సాంతా క్రూస్ కాలేజీలో చదివిన నావా (నావత్ల్ మాట్లాడే జనం) పండితులు: ఆంటోనియో వలెరియానో, అలోన్సో వెగెరానో, మార్తీన్ హకోబీతా, పెద్రో దె సాన్ బువెనవెంతూరా. నావత్ల్, స్పానిష్, లాటిన్ మూడూ వచ్చినవాళ్ళు. ఈ నాలుగు పేర్లు ఎక్కడ వదిలేసినా నాకు కష్టంగా ఉంటుంది.

ఇప్పుడిది ఫ్లోరెన్స్‌లో లారెంజియానా లైబ్రరీలో ఉంది. గెట్టీ సంస్థ 2023లో మొత్తం పుస్తకాన్ని వెతుక్కునే వీలుతో ఆన్‌లైన్‌లో పెట్టింది, ఇంగ్లిష్ అనువాదాలతో సహా. ప్రతి పేజీలో రెండు వరసలు, కుడివైపు నావత్ల్, ఎడమవైపు స్పానిష్. స్పానిష్ పొట్టిగా ఉంటుంది, మిగిలిన ఖాళీలో బొమ్మలు పెట్టారు. కాబట్టి ఎడమవైపు బొమ్మ ఎక్కువగా కనిపించిన చోటల్లా స్పానిష్‌లో ఏదో తగ్గిందని అనుమానించండి. ఇంగ్లిష్‌లో చదివేటప్పుడు కూడా అది ఏ వరసకు అనువాదమో చూసుకోవాలి, గెట్టీ సైట్‌లో రెండూ విడివిడిగా ఉంటాయి.

సాధనకు 12వ పుస్తకం, 12వ అధ్యాయం తీసుకోండి. మోక్తెసుమా దూతలు స్పానిష్ వాళ్ళకు బంగారం ఇచ్చే ఘట్టం. నావత్ల్ వరసలో వాళ్ళు కోతుల్లా బంగారాన్ని పట్టుకుని చూశారని, పందుల్లా దానికోసం ఆవురావురుమన్నారని ఉంది. స్పానిష్ వరసలో బంగారం చూసి చాలా సంతోషించారు, దాన్ని గొప్పగా భావించారు అనే ధోరణిలో సర్దేశారు. ఒకే పేజీ, ఒకే ఘట్టం, మధ్యలో వేలెడు ఖాళీ. పక్కపక్కన పెట్టి చదవడం అంటే ఏంటో ఇంతకంటే బాగా ఏ క్లాసూ చెప్పలేదు.

తర్వాత 23వ అధ్యాయం. మోక్తెసుమా, ఇత్స్‌కువౌత్సిన్ ఇద్దరి శవాలనూ స్పానిష్ వాళ్ళు నీటి ఒడ్డున పారేశారని ఉంది. మోక్తెసుమా శవం కాలుతుంటే దుర్వాసన వచ్చిందని, జనం తిట్టారని రాశారు. ఇత్స్‌కువౌత్సిన్‌ను మాత్రం ఏడుస్తూ, గౌరవంగా సాగనంపారట. ఎందుకింత తేడా? ఇత్స్‌కువౌత్సిన్ త్లాతెలోల్కో పాలకుడు, ఈ కథ చెప్పినవాళ్ళు త్లాతెలోల్కో జనం. మెండోజాలో గుడి మీంచి పడిపోతున్న మనిషి గుర్తున్నాడా? ఈ కథ చెప్పినవాళ్ళు ఆయన ఊరివాళ్ళే. ఆ పాత ఓటమి వాళ్ళు మర్చిపోలేదు. మోక్తెసుమా ఎలా చనిపోయాడన్న దాని మీద దియేగో దురాన్ అనే క్రైస్తవ సన్యాసి 1581 నాటికి పూర్తి చేసిన చరిత్రను కూడా పక్కన పెట్టుకోండి, కాళ్ళకు సంకెళ్ళతో, ఛాతీ మీద ఐదు కత్తిపోట్లతో శవం దొరికిందన్న కథనం అందులో ఉంది. సొంత జనం విసిరిన రాయి తగిలి పోయాడనేది స్పానిష్ సైనికుల కథ. ఎవరు చెప్పారు, ఏ ఊరివాళ్ళు, ఎవరి కోసం అనే మూడు ప్రశ్నలు ప్రతి కథనానికీ వేయండి, తీర్పు తొందరగా ఇవ్వకండి.

ఈ పుస్తకంలో రంగుల్ని కూడా చదవొచ్చు. మొదటి పుస్తకాల్లో రంగులు నిండుగా ఉంటాయి. 1576లో మళ్ళీ ఘోరమైన అంటురోగం వచ్చింది, పనివాళ్ళు చనిపోతున్నారు, సరుకు దొరకడం లేదు. 11వ పుస్తకంలో రంగులు తగ్గుతూ వచ్చి, 12వ పుస్తకం బొమ్మలు చాలావరకు నల్లగీతలుగానే మిగిలాయి. 1545 నాటి రోగంలో త్లాతెలోల్కోలో పదివేలకు పైగా శవాలను తానే పూడ్చానని సాహగూన్ అందులోనే రాశాడు. 1576 రోగం తర్వాతి ఏడాదే, 1577లో, సాహగూన్ రాతలన్నీ స్వాధీనం చేసుకుని పంపేయమని స్పెయిన్ రాజు ఫెలిపె ఉత్తర్వు ఇచ్చాడు. రంగు లేని బొమ్మ దగ్గరకొచ్చినప్పుడు గబగబా పేజీ తిప్పేయకండి. ఆ గీతలు గీసినవాళ్ళు చుట్టూ చావులు చూస్తూ గీశారు.

ఆ తర్వాత ఎటు?

మీకు బొమ్మలు ఇష్టమైతే బోతురీని కోడెక్స్. దాదాపు ఐదున్నర మీటర్ల పొడవున్న అమాతె కాగితం, అంటే చెట్టు బెరడుతో చేసిన కాగితం, మడతలు మడతలుగా. పాదముద్రలు ఎటు నడిస్తే మీరూ అటే చదువుతూ పోవాలి. అంతా నల్లగీతే, తేదీలను కలిపే గీతలు మాత్రం ఎరుపు. సగంలో ఆగిపోతుంది, పూర్తి చేయలేదు. పక్కన స్పానిష్ రాత అడ్డు లేదు కాబట్టి పైన చెప్పిన పద్ధతి మీకెంత వచ్చిందో ఇక్కడ తేలిపోతుంది.

సంవత్సరాల వరస ఇష్టమైతే పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న తెలెరియానో-రెమెన్సిస్ కోడెక్స్ చూడండి, ఆ గ్రంథాలయం వాళ్ళ గాలికా సైట్‌లో ఉంది. 1 కుందేలు, అంటే 1454 దగ్గర పెద్ద కరువు గుర్తు చూడొచ్చు, స్పానిష్ చేతిరాతలు ఎన్ని రకాలుగా మారాయో లెక్కపెట్టడం కూడా మంచి సాధన. రాత ఇష్టమైతే చాల్కో ప్రాంతంలోని అమెకమెకాలో 1579లో పుట్టిన చిమల్పాయిన్ నావత్ల్‌లో రాసిన సంవత్సర వృత్తాంతాలు ఉన్నాయి. రాజధానికి బయట ఊరివాడి చూపు కాబట్టి తెనోచ్‌తిత్లాన్ గొప్పలు అక్కడ కాస్త తగ్గుతాయి. త్లష్కలా వాళ్ళ లియెన్సోలో ఇంకా తేడా, 1552 నాటి ఆ బట్ట మీది చిత్రాల అసలు ప్రతులు పోయినా నకళ్ళున్నాయి. స్పానిష్ వాళ్ళతో కలిసి యుద్ధం చేసినందుకు తమకు రావాల్సిన గౌరవం అడుగుతూ గీయించుకున్నది అది. కొత్తవి కూడా బయటపడుతూనే ఉన్నాయి, 2024లో మెక్సికో ప్రభుత్వం ఒక కుటుంబం దగ్గర తరతరాలుగా ఉన్న సాన్ ఆంద్రెస్ తెతెపిల్కో కోడెక్స్‌లు మూడింటిని కొనుక్కుంది, వాటిలో ఒకటి తెనోచ్‌తిత్లాన్ చరిత్రే.

ఏది తెరిచినా నోట్‌బుక్‌లో ప్రతి పేజీకి నాలుగు వరసలు పెట్టుకోండి: బొమ్మలో నాకు కనిపించింది, నావత్ల్‌లో ఉన్నది, స్పానిష్‌లో ఉన్నది, ఈ ముగ్గురికీ కుదరనిది. మొదటి వరస నింపేదాకా రెండోది ముట్టుకోవద్దు. నాలుగో వరస చాలా పేజీలకు ఖాళీగానే ఉంటుంది, అది నిండిన పేజీ దొరికిన రోజు ఇంకో కోడెక్స్ తెరిచి అదే ఘట్టం వెతకండి.